దేవుని పెట్ట

నానమ్మ పోయాక ఆమె రేకుపెట్టె తెరవడానికి మా ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు. జ్ఞాపకార్థ కూడిక ఇక రెండు రోజులే ఉందనగా ఆ పని నా మీద పడింది. పుస్తకాలు రాసేదాన్ని కాబట్టి పాత సామాన్ల భాష నాకే తెలుస్తుందని మావాళ్ళ నమ్మకం. నాకు కోడిగుడ్డు మీద ఈకలు పీకడం తప్ప వేరే విద్య రాదని ఒకరిద్దరు పాఠకులు ఉత్తరాలు కూడా రాశారు, ఆ సంగతి మావాళ్ళకు తెలియదు. పెట్టెలో రెండు తెల్లచీరలు, నాఫ్తలీన్ గోళీలు, ఒక కాడ విరిగిన కళ్ళద్దాలు, అట్ట ఊడిన పాటల పుస్తకం ఉన్నాయి. అన్నిటికీ అడుగున, తెల్లగుడ్డ పీలికలో చుట్టి, పెన్నులో సిరా పోసుకునే ఫిల్లరు ఒకటి. దాని రబ్బరు బుడ్డి ఎండి రాయిలా గట్టిపడింది. గొట్టం లోపల పసుపు చార ఇంకా ఉంది. పెట్టె తెరిస్తే పెట్ట బయటికొచ్చింది అనుకున్నాను, వెంటనే సిగ్గేసింది. మాటలతో ఆడుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. చెప్పాల్సిన మాట చెప్పకుండా తప్పించుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం నాకింకా దొరకలేదు.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా ఊరు చండ్రుగొండ నుంచి కొత్తగూడెం పోయే తోవలో ఉంటుంది. బస్సు ఆగితేనే అక్కడ ఊరుందని తెలుస్తుంది, అంత ఊరు. ముందు రోడ్డు, వెనక అడవి, మధ్యలో మేము. నాన్న కరెంటు లైన్‌మన్ కాబట్టి ఊళ్ళో కరెంటు పోతే తిట్లు మా ఇంటికి అందరికంటే ముందు వచ్చేవి, వెలుతురు అందరికంటే వెనక వచ్చేది. అమ్మ పొద్దున్నే అంగన్‌వాడీకి పోయేది. ఇల్లు నానమ్మది, పెరడు నానమ్మ కోళ్ళది. తెల్లవారుతూనే ఆమె గంపలు ఎత్తేది. రాత్రంతా గంప కింద నిలిచిన వేడీ, రెట్టల ఘాటూ, కింద పరిచిన బూడిద వాసనా కలిసి ఒక్కసారిగా పైకి లేచేవి. గంజిలో తౌడు కలిపి, మోచేతి దాకా చెయ్యి ముంచి పిసికి, ముద్దలు ముద్దలుగా వేసేది. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు, అయినా ఏ కోడి ఏ మూల గుడ్డు పెట్టిందో వినపడినట్టే పోయి తెచ్చేది. కోళ్ళకు ఆమె పెట్టిన పేర్లన్నీ చర్చి స్త్రీల సమాజంలో తనతో మాటపట్టింపు వచ్చిన ఆడవాళ్ళవి. "పో సుగుణమ్మా, నీకు సిగ్గులేదా" అని ఒక కోడిని అదిలిస్తే పగటికి సరిపడా కోపం తీరిపోయేది. ఆ మనిషితో మాటలు కలిసినాక కోడికి పేరు మారేది. అలా మా పెరట్లో కోళ్ళు మారకపోయినా పేర్లు ఏటా మారుతుండేవి.

ఒక్క కోడికి మాత్రం మనిషి పేరు పెట్టలేదు. దాన్ని దేవుని పెట్ట అనేవాళ్ళం. అంతకుముందు వానాకాలంలో నాకు చలిజ్వరం వచ్చింది. అడవి అంచు ఊళ్ళలో చలిజ్వరం ఏటా వచ్చే చుట్టమే, కానీ ఆ ఏడు వచ్చిన చుట్టం పోనన్నది. తలకెక్కింది. కొత్తగూడెం దవాఖానలో నేను ఎవరినీ గుర్తుపట్టని రోజున నానమ్మ ఇంట్లో ఉండి, కొత్తగా గుడ్డుకొచ్చిన ఎర్ర పెట్టను పట్టుకుని, దాని నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నేను లేచి తిరిగితే దీన్ని కోత పండుగనాడు దేవునికి ఇస్తానని మొక్కి, తన పాతచీర చింపి కాలికి తెల్ల పీలిక కట్టింది. మా చర్చిలో అదొక పద్ధతి. వరి కోతలయ్యాక వచ్చే ఆ పండుగకు ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. గుమ్మడికాయ, వడ్ల సంచి, చిక్కుళ్ళ గంప, కోడి. ముందర పెట్టి ప్రార్థన చేసి, తర్వాత అక్కడే వేలం వేస్తారు. మొక్కిన కోడిని మొక్కినవాళ్ళే పాడుకుని ఇంటికి తెచ్చుకోవడం మామూలు. ఇచ్చినట్టూ ఉంటుంది, ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది. నేను లేచి తిరిగాను. దేవుని పెట్ట కాలికి పీలికతో పెరడంతా తిరిగింది. దాని గుడ్లు మేము తినకుండా ప్రతి ఆదివారం కానుకల పళ్ళెంలోకి పంపేవాళ్ళం.

చలి మొదలయ్యాక ఊళ్ళోకి కొక్కెర తెగులు వచ్చింది. కోళ్ళు పొద్దున మేత ముట్టవు, మధ్యాహ్నానికి రెక్కలు వేలాడేసి కళ్ళు మూస్తాయి, ఆకుపచ్చగా పారతాయి, గురగుర శ్వాస తీస్తాయి, ఇక అంతే. మా పెరట్లో సుగుణమ్మతో మొదలై ఎనిమిది పోయాయి. నానమ్మ ఒక్కొక్కదాన్నీ గోనెగుడ్డలో చుట్టి, స్నానాల తడక వెనక తవ్వి పూడ్చింది. పేర్లు పెట్టిన పాపానికి పేరుపేరునా ఏడ్చింది కూడా. తొమ్మిదోది దేవుని పెట్ట. పండుగ ఇంకా నెల కూడా లేదు. ఆ పొద్దున గంప ఎత్తేసరికి అది లేవలేదు, మెడ కిందికి జారిపోయి ఉంది. నానమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నన్ను పిలిచింది. నా నుదుటి మీద ఒక చెయ్యి, దాని నెత్తి మీద ఒక చెయ్యి పెట్టి చూసింది.

"ఇది నీ పాణం బిడ్డా," అన్నది. "దీన్ని జూసుకుంటే నిన్ను జూసుకున్నట్టే. పండుగ దాంక బతకాలె. నడుమల పోయిందంటే మొక్కు నా మీద ఉంటది, జరం మల్ల నీ మీదికొస్తది."

నేను వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివే పిల్లను. దోమ వల్ల ఏం వస్తుందో బొమ్మ గీసి భాగాలు గుర్తించగలను. అయినా ఆ మాట నా వీపు మీద చల్లటి నీళ్ళలా పోయింది. ఆ రోజు నుంచి కోడికి సేవ నేనే చేశాను. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, మిరియాలు, పసుపు రోట్లో మెత్తగా నూరి, గుడ్డలో పిండి, ఆ రసం నా పెన్ను ఫిల్లరులోకి పీల్చి, ముక్కు విప్పి, నాలుక పక్కనుంచి చుక్క చుక్కగా వదలాలి. తొందరపడితే పొలమారి పోతుంది. వేపాకు పొగ వేయాలి. కళ్ళకు పుసులు కడితే గోరువెచ్చటి నీళ్ళతో తుడవాలి. కాలేజీకి పోయేముందు ఒకసారి, వచ్చాక రెండుసార్లు. నా నోట్సులోని ఆ నెల పేజీలన్నిటికీ పసుపు మరకలే. నా చేతిరాత చూసి కోడి గీకినట్టుందని లెక్చరర్ అంటే, ఆయన మాట నిజానికి ఎంత దగ్గరగా ఉందో నవ్వుకోవడానికి కూడా నాకు ధైర్యం లేకపోయింది. అది కళ్ళు మూస్తే నాకు ఒళ్ళు వణికేది. నాకు తలనొప్పి వస్తే లేచిపోయి దాన్ని చూసేదాన్ని. మా ఇద్దరిలో ఎవరి జ్వరం ఎవరు మోస్తున్నామో తెలియని రోజులవి. అది కోడికునుకు తీసేది, నేనూ అంతకుమించి నిద్రపోలేదు.

పండుగ ఇక పదకొండు రోజులుందనగా నానమ్మ పశువుల దవాఖాన కాంపౌండరు మస్తాన్ గారిని పిలిపించింది. సన్నటి మనిషి, సైకిలు హ్యాండిలుకు ఎప్పుడూ ఒక ఖాళీ సంచి వేలాడుతుండేది, ఇంటింటా పెట్టింది అందులో పడేది. అప్పటికి పెట్ట నిలబడుతోంది, నూకలు ఏరుతోంది, కాకపోతే మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. ఎదురుగా ఉన్నదాన్ని చూడాలంటే అది ఒక చుట్టు తిరగాలి. ఆయన దాని కళ్ళూ రెట్టా చూశాడు. నానమ్మ ఆయన కోసం చిక్కుళ్ళు తెంపడానికి పందిరి వైపు పోయింది.

"ఆమెకు వినపడదు, నీకు చెప్తున్న ఇను అమ్మాయ్," అన్నాడు. "బతికింది. కానీ రోగం ఇంకా దాని కడుపులనే ఉన్నది, రెట్టలకెళ్ళి పడ్తది. నెల రోజులు వేరే కోళ్ళల్ల కలపొద్దు. ఇంకో ఆకిట్లకు పోనియ్యొద్దు. గంప కిందనే ఉంచున్రి."

అవ్ అన్నాను. నానమ్మ చిక్కుళ్ళు సంచిలో పోస్తూ ఏమన్నాడని అడిగింది. బతుకుతుందన్నాడు అని ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాను. అబద్ధం కాదు. సగం నిజం, సగం గంప కింద పెట్టాను. మొత్తం చెబితే నానమ్మ పెట్టను పండుగకు తీసుకుపోదు. తీసుకుపోకపోతే మొక్కు తీరదు. మొక్కు తీరకపోతే ఏమవుతుందో ఆమె నాకు చెప్పే ఉంది. అదీగాక, ఎలాగూ మేమే పాడుకుంటాం, పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి ఇంటికే వస్తుంది, ఇంకెవరి వాకిట్లోకీ పోదు. అంతా లెక్క సరిపోయింది. నేను చేయాల్సిందల్లా వేలంలో చెయ్యెత్తడం. ఆ పని నాదేనని ముందే అనుకున్నాం, నానమ్మకు పాట వినపడదు కాబట్టి.

పండుగనాడు ఎక్కడో లైను తెగి నాన్న డ్యూటీకి పోతూ నా చేతిలో నోటు పెట్టి, ఎంతకైనా పాడుకోమన్నాడు. చర్చి అంతా గుమ్మడికాయల వాసన, కొత్త వడ్ల వాసన. నానమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుంది. పిలవగానే లేచి పెట్టను రెండు చేతులతో ఎత్తి సాక్ష్యం చెప్పింది. చచ్చిపోయిందనుకున్న మనవరాలు తిరిగొచ్చింది, చచ్చిపోయిందనుకున్న కోడి తిరిగొచ్చింది అన్నది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను వెనక గుమ్మం దగ్గర, కాలేజీ స్నేహితురాళ్ళ మధ్య నిలబడి ఉన్నాను. వేలం వేసే దానియేలు తాత మంచి మాటకారి. పెట్టను పైకెత్తితే అది మెడ వంకర తిప్పి ఆయన్నే చూస్తోంది. "జూడున్రి, కోడి గూడ చెవి పెట్టి ప్రసంగం ఇంటున్నది, మీరే ఇంటలేరు" అన్నాడు. జనం నవ్వారు. జనం సందులోంచి చూడడానికి ఒక పక్కకు వంచిన నా మెడను చూసి నా పక్కనున్న పిల్ల, అచ్చం నీ లెక్కనే ఉన్నదే అని గుసగుసగా అన్నది. నోటు ఉన్న చెయ్యి దానంతట అదే వీపు వెనక్కి పోయింది. ఇప్పుడు ఎత్తితే అందరూ తిరిగి నన్ను చూస్తారు. ఒకటోసారి అన్నాడు తాత. నవ్వు ఆగాక ఎత్తుదాం అనుకున్నాను. రెండోసారి అన్నాడు. నానమ్మ వెనక్కి తిరిగింది. ఆమెకు నేను ఎక్కడున్నానో కనపడలేదు, జనంలో ఒక్కో ముఖాన్నీ వెతుకుతోంది. మూడోసారి అనేలోపు కిటికీ దగ్గర నుంచి ఒక చెయ్యి లేచింది.

ఆ చెయ్యి కమలమ్మత్తది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, అడవికి ఆనుకుని ఆమె ఇల్లు. భర్త లేడు, ఒక్క కూతురు. ఇరవైకి పైగా కోళ్ళుండేవి. బస్టాండు హోటలుకు రోజూ గుడ్లు వేసేది, ఆ ఇల్లు వాటి మీదనే నడిచేది. ఊరి చివరన ఉండడం వల్లనేమో, తెగులు ఆమె వాకిట్లోకి రాలేదు. పెట్టను చంకలో పెట్టుకుని నా పక్కనుంచే పోతూ నవ్వింది. అప్పుడైనా చెప్పొచ్చు. ఆ సాయంత్రం నాలుగిళ్ళు నడిచి పోయి చెప్పొచ్చు. మర్నాడూ చెప్పొచ్చు. నానమ్మకు మాత్రం, నీళ్ళు తాగడానికి బయటికి పోయాను, అంతలో పాట అయిపోయిందని చెప్పాను. పోనీలే, కమలమ్మ చేతిలో పడింది, మంచిదే అన్నది నానమ్మ. ఆ తర్వాత నాకు జ్వరం రాలేదు. రోజూ నుదురు పట్టుకుని చూసుకునేదాన్ని, చల్లగా ఉండేది. అంత చల్లదనానికి నాకు భయమేసేది.

కాలేజీ బస్సుకు పోవాలంటే ఆమె ఇంటి ముందునుంచే పోవాలి. నేను తలవంచుకుని చెవులతో నడిచేదాన్ని. మొదటి వారం అన్నీ ఉన్నాయి. పుంజు కూత, పిల్లల కోడి కొక్కొక్కోలు, కమలమ్మత్త బో బో అని పిలవడం. తర్వాత పుంజు కూత ఒకటి తగ్గింది. తర్వాత పిలుపు ఉండేది, పరుగెత్తే కాళ్ళ చప్పుడు పలచబడింది. ఒక పొద్దున అక్కడ ఏ చప్పుడూ లేదు. మంచు దిగి ఉంది, అడవి వైపు నుంచి కూడా పిట్ట పలకలేదు. ఆ ఇంటి ముందు నేను నిలబడిపోయాను. అక్కడి నిశ్శబ్దం నన్ను పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. బస్సు పోయింది.

ఆ వారంలోనే ఆమె మా ఇంటికి వచ్చింది. తగాదాకు వచ్చిందనుకుని నేను లోపలి గదిలోకి పోయి తలుపు సందులోంచి చూశాను. ఆమె చంకలో పెట్ట ఉంది, కాలికి పీలిక ఇంకా ఉంది.

"నీ పెట్టను నువ్వే ఉంచుకో పెద్దమ్మా," అన్నది. "అన్ని పోయినయ్, ఇదొక్కటే మిగిలింది. ఆకిట్ల ఒక్కతే తిరుగుతాంటే సూడబుద్ధైతలేదు."

ఎట్లా వచ్చింది రోగమని నానమ్మ ఏడుస్తూ అడిగింది. గాలికొచ్చిందని కమలమ్మత్త చెప్పింది. ఇద్దరూ చాలాసేపు గడప మీద కూర్చున్నారు, ఎవరు ఎవరిని ఓదార్చారో నాకు తెలియలేదు. ఎండలు ముదరకముందే ఆమె ఇంటికి తాళం వేసి, కూతుర్ని తీసుకుని, కొత్తగూడెంలో ఏదో ఆడపిల్లల హాస్టల్లో వంటకు పోయింది. ఆ పెట్ట మాత్రం మా పెరట్లో ఇంకో మూడేళ్ళు బతికింది. మెడ ఎన్నడూ నేరుగా కాలేదు. నేను పెరట్లోకి పోతే ఒక చుట్టు తిరిగి, ఒక కంటితో నన్ను చూసి, నిలబడిపోయేది. గుడ్డు పెట్టలేదు. ఎవరూ దాన్ని కోద్దామనలేదు. నానమ్మ ఆ తర్వాత కోళ్ళను పెంచలేదు. ఎవరైనా పిల్లల్ని ఇస్తామంటే, మా ఆకిలి మంచిది కాదమ్మా, నా మొక్కే సరిగ్గా లేకుండె, అనేది. ఆమె అలా అన్నప్పుడల్లా నాకు నోరు తెరవాలనిపించేది. ఏదో ఒక హాస్యం ఆడేదాన్ని. ఆమెకు వినపడేది కాదు, అయినా నవ్వేది.

ఇప్పుడు నేనుండేది ఖమ్మంలో, మూడో అంతస్తులో. గుడ్లు అట్టల్లో వస్తాయి, కోడి సంచిలో వస్తుంది, దేనికీ పేరుండదు. పొద్దున్నే మెలకువ వస్తుంది. అప్పటి ఇంట్లో గంప ఎత్తిన చప్పుడుకు లేచేదాన్ని, ఇప్పుడు ఏ చప్పుడూ లేదన్న దానికి లేస్తున్నాను. వంటింట్లో ఉల్లిగడ్డా పసుపూ మిరియాలూ ఒకేసారి చేతికి తగిలితే నా వేళ్ళు ఇప్పటికీ దేన్నో చుక్క చుక్కగా వదలాలన్నట్టు దగ్గరికి వస్తాయి.

జ్ఞాపకార్థ కూడికకు కమలమ్మత్త వచ్చింది. జుట్టంతా తెల్లబడింది, నడుము వంగింది, చెయ్యి మాత్రం వంటచెయ్యే. రాగానే కత్తిపీట ముందేసుకుని భోజనాల కోసం ఉల్లిగడ్డలు తరగడానికి కూర్చుంది. నేనూ పక్కన కూర్చుని పొట్టు తీశాను. జాకెట్ మడతలో దాచుకున్న ఫిల్లరు తీసి ఆమెకు చూపించి, మస్తాన్ గారు చెప్పిన మాట చెప్పాను. నోటు వీపు వెనక దాచిన సంగతి చెప్పాను. ఏ మాటకూ ఇంకో మాట తగిలించకుండా, జీవితంలో మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె తరుగుతూనే ఉంది. కళ్ళలో నీళ్ళున్నాయి, అవి ఉల్లిగడ్డవో కాదో అడిగే హక్కు నాకు లేదు.

"నువ్వు ఎత్తుతవని జూసిన బిడ్డా," అన్నది కత్తిపీట మీదనుంచి తలెత్తకుండా. "నీ కోసమే ఆగిన. ఆ కోడిని నేనేం జేసుకోను? మెడ వంకర కోడి. ముసలామె ఎనక్కి తిరిగి ఎతుకుతాంటే ఆమె మొఖం సూడలేక ఎత్తిన."

ఆమె తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, కత్తిపీటను పక్కకు జరిపి అడిగింది.

"ఎన్ని దినాలు ఇడిగ ఉంచమన్నడు మస్తాన్ సాబు?"

"నెల రోజులు."

"నేను మూడు దినాలు ఉంచిన. కొత్త కోడి గదా, పొడుస్తయని." ఇంకో ఉల్లిగడ్డ చేతిలోకి తీసుకుని, కొయ్యకుండా కాసేపు అట్లాగే పట్టుకుంది. "నెల అంటే నెల ఉంచేదాన్ని బిడ్డా. గంప ఉండనే ఉండె."